పాప కంటికి దెబ్బ తగిలింది, ఈ హాబీ వదిలేయాలా?

పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరి నుంచి ఒక అబ్బాయి పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. వయసు 26. ఇంజనీరింగ్ చదివి, కరోనా టైములో ఇంటికొచ్చేసి, అప్పట్నుంచీ ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తున్నారు. నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. ఈయనకి ఉన్న ఒకే ఒక్క సరదా నెర్ఫ్ లాంటి బొమ్మ బ్లాస్టర్లు. మెత్తటి ఫోమ్ డార్టులు వదిలే ప్లాస్టిక్ తుపాకులవి, పిల్లల పుట్టినరోజులకి కొనిపెడుతుంటారే, అవే. వాటిని విప్పి, లోపల స్ప్రింగులూ మోటార్లూ మార్చి, డార్టు ఇంకా దూరం, ఇంకా సూటిగా వెళ్ళేలా చేస్తారు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల రిపేరుకని నాన్నగారు వేయించిన రేకుల షెడ్డులో ఒక మూల ఈయన బల్ల. చేసిన ప్రతి మార్పునీ వీడియో తీసి, తెలుగులో వివరించి, ఇదే పిచ్చి ఉన్న కుర్రాళ్ళతో పంచుకుంటారు.

"ఇంగ్లీషులో బోలెడున్నాయండి, తెలుగులో చెప్పేవాళ్ళే లేరు. చలికాలం పొద్దున్నే కొబ్బరి నూనె గడ్డ కట్టేస్తుంది, లోపల గాలిని నెట్టే ప్లంజర్‌కి అది రాయకండి, సిలికాన్ గ్రీజు రాయండి అని మన భాషలో చెప్తే కుర్రాళ్ళకి భలే నచ్చింది. ఆఫీసు పనిలో నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇక్కడ మాత్రం రోజూ ఎవరో ఒకరు అన్నా అని పిలిచి ఏదో ఒకటి అడుగుతారు" అని రాశారు.

మొన్న సంక్రాంతికి చుట్టాలంతా వీళ్ళింటికి వచ్చారు. కనుమ రోజు భోజనాలయ్యాక మగవాళ్ళు కొందరు కోడిపందేల బరి దగ్గరికి వెళ్ళారు. ఆడవాళ్ళు గిన్నెలు సర్దుకుంటున్నారు. ఈయన బావగారికి చూపించడానికని బయటికి తెచ్చిన బ్లాస్టర్ని వసారాలో మంచం మీద పెట్టి, ఫోనొస్తే మాట్లాడుకుంటూ వీధిలోకి వెళ్ళారు. డార్టు లోపలే ఉంది. పన్నెండేళ్ళ పిన్ని కొడుకు దాన్ని తీసుకుని, ఆటలో, నాలుగైదు అడుగుల దూరం నుంచి మావయ్యగారి ఎనిమిదేళ్ళ పాప మీదికి నొక్కాడు. సూటిగా కంట్లో తగిలింది. అమ్మమ్మగారు నందివర్ధనం పూలు పెట్టబోతుంటే అత్తయ్యగారు ఆగకుండా కారెక్కించి భీమవరం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కంటి ముందు భాగంలో రక్తం చేరిందన్నారు. చుక్కల మందులు, కంటికి కట్టు, మంచం మీద విశ్రాంతి. కొన్నాళ్ళకి రక్తం కరిగిపోయింది, చూపు బాగానే ఉంది.

చూపు బాగానే ఉన్నా, మావయ్యగారు ఈయనతో మాట్లాడటం మానేశారు. "బొమ్మని చెప్పి ఇంట్లో తుపాకీ పెట్టావురా" అన్న మాటే ఆఖరిది. ఆస్పత్రి ఖర్చు ఇస్తామంటే వద్దన్నారు. ఈయన వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెట్టారు, నీలి గీతలు పడ్డాయి గానీ జవాబు రాలేదు. వాళ్ళమ్మగారు "ఆ సామానంతా మూటగట్టి కాలవలో పారేసి రా, వచ్చే ఏడు నా తమ్ముడు పండక్కి రావాలి" అంటున్నారు. ఇంకోపక్క, ఏ స్ప్రింగ్ మార్పు వల్ల పాపకి దెబ్బ తగిలిందో ఆ వీడియో ఇప్పటికీ అలాగే ఉంది. మొన్న ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడు "అన్నా, నా గన్నులో లైపో బ్యాటరీ పెట్టొచ్చా?" అని అడిగాడట. లైపో అంటే లిథియం పాలిమర్, మళ్ళీ మళ్ళీ చార్జ్ చేసుకునే బ్యాటరీ. దానికి ఇంకా జవాబివ్వలేదు. మరొకాయన డబ్బులిస్తాను, రెండు తయారు చేసిపెట్టమంటున్నారు.

"హాబీ మానేయాలా? వీడియోలు తీసేయాలా? మావయ్య ముఖం ఎలా చూడాలి? నిద్ర పట్టట్లేదండి" అని ముగించారు.

సమాధానం:

ఈ మూడు ప్రశ్నలూ ఒకేసారి బుర్రలో తిరగడం వల్లే మీకు నిద్ర పట్టట్లేదు. దేని జవాబు దానికే ఉంది. మావయ్యగారి కోపం తగ్గాలంటే హాబీ మానాలి, హాబీ ఉండాలంటే చుట్టరికం వదులుకోవాలి అన్నట్టు మీరూ మీ అమ్మగారూ రెండిటినీ ముడేశారు. నాకైతే అలా కనబడటం లేదు.

అన్నిటికంటే ముందు పాప కన్ను. ఉత్తరంలో మీరు "చూపు బాగానే ఉంది" అని ఒక్క ముక్కలో దాటేశారు. నేను అక్కడే ఆగాను. కంటికి మొద్దు దెబ్బ తగిలి ముందు గదిలో రక్తం చేరడాన్ని డాక్టర్లు హైఫీమా అంటారు. పిల్లని కూర్చోబెట్టి చూస్తే నల్లగుడ్డు అడుగున ఎర్రటి గీత పేరుకుని కనిపిస్తుంది. రక్తం కరిగిపోయాక బయటికి అంతా మామూలే. కానీ ఆ దెబ్బకి కంట్లో నీరు బయటికి పోయే మూల దగ్గర చిరుగు పడి ఉంటే, కంటి లోపలి ఒత్తిడి నెలల తర్వాతో, ఏళ్ళ తర్వాతో పెరగొచ్చు. అదే గ్లకోమా, మన పెద్దవాళ్ళు నీటికాసులనేది. నొప్పి ఉండదు. పిల్ల చెప్పదు, ఎందుకంటే పిల్లకే తెలియదు. అందుకని ఇలాంటి దెబ్బ తగిలిన కంటిని ఏడాదికోసారైనా చూపించి, ఒత్తిడి కొలిపించుకోవాలి. ఎన్నాళ్ళకోసారి అన్నది ఆ పాపని చూసిన డాక్టరే చెప్పాలి. ఆ మాట మీ మావయ్యగారికి ఎవరైనా చెప్పారా, చీటీలో రాసి ఉందా, పండగ హడావిడిలో ఆ చీటీ ఎక్కడైనా పోయిందా అన్నది మీరు తెలుసుకోవాలి. పాపని పరీక్షలకి తీసుకెళ్ళే బాధ్యతలో మీకూ వాటా ఉందని నేననుకుంటున్నాను. మీరు చేయగలిగిన క్షమాపణల్లో ఇంతకంటే నిజమైనది లేదు.

అన్నట్టు, మీ అత్తయ్యగారు ఆ రోజు చేసింది నూటికి నూరు పాళ్ళూ సరైన పని. కంటికి ఏదైనా గట్టిగా తగిలితే నలపకూడదు, పూలూ పాలూ ఏవీ పెట్టకూడదు, ఆస్పిరిన్ లాంటి మాత్రలు వేయకూడదు. తల కాస్త ఎత్తులో ఉంచి, చూపు బాగానే ఉందన్నా సరే, ఆ రోజే కంటి డాక్టరుకి చూపించాలి. మొదటి కొద్ది రోజుల్లో మళ్ళీ రక్తం కారే ప్రమాదం ఉంటుంది కాబట్టే మంచం దిగొద్దంటారు. ఈ సంగతి మీ వీడియోల్లో ఎక్కడా లేదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక మావయ్యగారు. మీరు పంపిన మెసేజ్‌ని ఉత్తరానికి జతచేశారు కాబట్టి చదివాను. మొదటి రెండు వాక్యాలూ బాధతో రాసినవి. తర్వాతంతా సంజాయిషీ: "నేను లోపల పెడదామనుకున్నాను, ఈలోపు ఫోనొచ్చింది, వాడు అడక్కుండా తీశాడు, మామూలుగా ఇలా జరగదు." మీరు రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ కూతురి కంటి పక్కన రాత్రంతా కూర్చున్న తండ్రికి అందులో వినబడేది ఒక్కటే, తప్పు మీది కాదని. ఆయన జవాబివ్వకపోవడంలో నాకు వింతేమీ లేదు.

ఇప్పుడు మీకు కొన్ని దారులున్నాయి. అమ్మగారిని తీసుకుని వెళ్ళొచ్చు. వెళితే తలుపు తప్పకుండా తెరుచుకుంటుంది, అక్క వచ్చిందని కాఫీ ఇస్తారు. కానీ మాట అక్కాతమ్ముళ్ళ మధ్యకి పోతుంది. ఎప్పటివో పాత పట్టింపులు పైకొస్తాయి, మీరు చెప్పాల్సింది చెప్పకుండానే లేచి వస్తారు. నాన్నగారు వెళితే పెద్దమనుషుల పంచాయితీలా ఉంటుంది. దసరాకో, ఏదో పెళ్ళిలోనో కలిసినప్పుడు సర్దుకుంటుందిలే అని ఊరుకోవచ్చు. మన వైపు చాలా ఇళ్ళలో జరిగేది అదే, నిజంగానే సర్దుకుంటుంది కూడా. కాకపోతే ఆ పాప పెద్దయ్యేదాకా మీరు ఆ గుమ్మం తొక్కినప్పుడల్లా మధ్యలో ఆ కనుమ రోజు ఉంటుంది. లేదా ఒక సాయంత్రం మీరొక్కరే వెళ్ళొచ్చు. ఆయన మాట్లాడకపోవచ్చు, నాలుగు మాటలు అనొచ్చు, టీవీ సౌండు పెంచొచ్చు. కష్టమే. అయినా నాకు ఇదే నయమనిపిస్తుంది. ఎందుకంటే ఆయన ఎదుట ఒంటరిగా నిలబడి "డార్టు ఎక్కించిన బ్లాస్టర్ని పిల్లలున్న ఇంట్లో మంచం మీద వదిలేశాను మావయ్యా, అది నా తప్పు" అని అంటే, ఆ తర్వాత మీరు ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఫోను సంగతీ చెప్పొద్దు, పిన్ని కొడుకు పేరూ ఎత్తొద్దు.

డబ్బు మాట మీరుగా ఎత్తకండి. ఒకసారి వద్దన్న మనిషి దగ్గర మళ్ళీ తీస్తే, పాప కంటికి వెల కడుతున్నారనుకుంటారు. బదులు, వచ్చే పరీక్ష ఎప్పుడో అత్తయ్యగారిని అడగండి. కారు తీసుకొస్తానని చెప్పండి. ఆవిడ సరే అంటే మంచిదే. వద్దంటే తేదీ మటుకు తెలుసుకుని, ఆ రోజు ఫోన్ చేసి ఏమన్నారో కనుక్కోండి. వచ్చే ఏడు కూడా చేయండి.

మీ ఉత్తరంలో ఇంకొకళ్ళున్నారు. వాళ్ళ గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. పన్నెండేళ్ళ మీ తమ్ముడు. "వాడు ఇప్పుడు మా ఇంటికి రానంటున్నాడట, సరిగ్గా తినట్లేదట" అని రాసి పక్క విషయానికి పోయారు. ఆ పిల్లాడు బొమ్మ తుపాకీ అనుకునే తీశాడు. మామూలు బొమ్మ అయితే ఆ దెబ్బ అంత ఉండేది కాదని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు వాణ్ణి కొట్టారో తిట్టారో మీరు రాయలేదు. ఏదో ఒకటి జరిగే ఉంటుంది. ఆ పాప కన్ను పోగొట్టబోయానన్న భయాన్ని ఆ వయసులో ఒక్కడే మోస్తున్నాడు. మావయ్యగారింటికి వెళ్ళడం ఒక వారం ఆగినా ఫరవాలేదు. వాడి దగ్గరికి మాత్రం ఈ ఆదివారమే వెళ్ళండి. మొత్తం విడమర్చి చెప్పండి, అందులో ఏ స్ప్రింగ్ వేశారో, ఏం తీసేశారో, వాడికి అర్థమవుతుంది. "నువ్వు తెలియక నొక్కావు, నేను తెలిసి వదిలేశాను" అనండి. ఆ మాట మీ నోటి నుంచే రావాలి. వాళ్ళమ్మ చెప్తే సముదాయింపు అనుకుంటాడు.

ఇప్పుడు హాబీ సంగతి. అదంతా ఖర్మ అనీ, వేళ బాగోలేదనీ మీ ఇంట్లో అనుకుంటున్నట్టు రాశారు. మీరు ఇంజనీరు, విడదీసి చూద్దాం.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ బ్లాస్టర్ డార్టు సెకనుకు 70 అడుగుల దరిదాపుల్లో వెళ్ళేది. మీ స్ప్రింగ్‌తో 140 దాటిందని మీరే కొలిచి చెప్పారు. మీ వీడియోలో కూడా "డబుల్ స్పీడ్" అని గర్వంగా చెప్పారు. కానీ వేగం రెట్టింపైతే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. డార్టు బరువు అదే గ్రాము, దాని శక్తి మాత్రం నాలుగు రెట్లు. ఇది మీకు తెలియక కాదు, ఇంటర్లో చదివినదే. కుర్రాళ్ళకి చెప్పలేదు, అంతే.

రెండోది, గొట్టం మొదట్లో ఉండే ఎయిర్ రిస్ట్రిక్టర్ తీసేశారు. డార్టు కూర్చుని దాన్ని నొక్కితేనే గాలికి పూర్తిగా దారిచ్చే చిన్న వాల్వు అది. తీసేస్తే వేగం కొంచెం పెరుగుతుంది, నిజమే. కానీ అది అక్కడుండటానికి కారణముంది. ఖాళీగా పేల్చినప్పుడు ప్లంజర్ పగలకుండా కాపాడుతుంది. పిల్లలు పెన్ను ముక్కో పుల్లో దూర్చినా అది సరిగ్గా ఎగరకుండా చూస్తుంది. మీ వీడియోలో దాన్ని "పనికిరాని ముక్క" అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

మూడోది డార్టులు. చవగ్గా వందల లెక్కన వచ్చే పేరులేని డార్టుల్లో కొన్నింటి తల గట్టిగా ఉంటుంది. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆస్పత్రి డాక్టర్లు 2017లో ఒక వైద్య పత్రికలో ఇలాంటి ముగ్గురి గురించి రాశారు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పదకొండేళ్ళ బాబు. ముగ్గురికీ మీ పాపకి వచ్చిందే, కంటి ముందు గదిలో రక్తం. పేరులేని డార్టుల తల గట్టిగా ఉంటుందనీ, ఈ బొమ్మల బలం పెంచడం నేర్పే వీడియోలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయనీ ఆ డాక్టర్లు అందులోనే ప్రస్తావించారు. అది చదువుతుంటే నాకు మీరే గుర్తొచ్చారు. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. మీరు చేసే పనిని ఎక్కడో కూర్చుని కంటి డాక్టర్లు కూడా చూస్తున్నారని మీకు తెలియాలి.

నాలుగోది మంచం మీద వదిలేయడం. పై మూడూ ఉన్నా, బీరువాకి తాళం ఉంటే ఆ రోజు ఏమీ అయ్యేది కాదు.

ఇంత విడదీశాక నాకు అర్థమైంది ఇది: తప్పు స్ప్రింగ్ మార్చడంలో లేదు. మార్పు గురించి సగమే చెప్పడంలో, సగమే పాటించడంలో ఉంది. ఈ సరదాని బుద్ధిగా సాగించే పెద్దవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. అమెరికా కాలేజీల్లో 2005 నుంచి ఇవే డార్టులతో మనుషులూ జాంబీలూ అని జట్లు కట్టి ఆడతారు. ఇలాంటి ఆటల్లో వేగానికి ఇంతని హద్దు పెడతారు, ఆటకి ముందే బ్లాస్టర్ని డార్టు వేగం చెప్పే క్రోనోగ్రాఫ్ మీద కొలుస్తారు, కళ్ళద్దాలు లేనివాళ్ళని లోపలికి రానివ్వరు. కళ్ళద్దాలంటే మనం చదువుకోవడానికి పెట్టుకునేవి కాదు. దెబ్బ తట్టుకునే పాలికార్బొనేట్ సేఫ్టీ అద్దాలు, పక్కల కూడా మూసి ఉండేవి. ఫ్రేము మీద జెడ్ 87 అనో, అలాంటి ప్రమాణం గుర్తో ఉంటుంది. గ్రైండింగ్ పనివాళ్ళకి అమ్మే షాపుల్లో అడగండి.

మీ ముందున్న దారులు చూద్దాం. పూర్తిగా మానేస్తే అమ్మగారికి ఆ రోజే మనశ్శాంతి. మావయ్యగారికి కబురు వెళుతుంది, కొంచెం మెత్తబడొచ్చు. కానీ శిక్షగా మానేసింది మనసులో మానదు. రోజూ అన్నా అని పిలిచేవాళ్ళు లేక మీ సాయంత్రాలు ఎలా ఉంటాయో మీ ఉత్తరంలోనే కనబడుతోంది. ఆ ఖాళీని తేలిగ్గా తీసుకోకండి. మనసారా వద్దనిపించి మానితే అది వేరే, అప్పుడు నిశ్చింతగా మానేయండి. కొన్నాళ్ళు ఆపడం ఇంకో దారి. పాప వచ్చే పరీక్ష అయ్యేదాకా బల్ల మీద గుడ్డ కప్పేస్తానని అమ్మగారికి మాటివ్వొచ్చు. ఇది మర్యాదైన దారి, మావయ్యగారింటికి వెళ్ళినప్పుడు మీ మాటకి బరువొస్తుంది. సాగించాలనుకుంటే మాత్రం ఇంటి నుంచి తీసేయాలి. షెడ్డులో తాళం పెట్టె, డార్టులు వేరే చోట, స్ప్రింగ్ ఎప్పుడూ ఎక్కించి ఉంచకూడదు. పండగలకి పిల్లలు వచ్చే ఇంట్లోకి బలం పెంచిన బ్లాస్టర్ ఒక్కటి కూడా రాకూడదు, చూపించడానికైనా సరే. ఆట పెద్దవాళ్ళతోనే. దగ్గర్లో ఎక్కడైనా ఇండోర్ షటిల్ కోర్టు అద్దెకి దొరుకుతుందేమో చూడండి. నలుగురు పోగై అందులో ఆడుకుంటే దారినపోయే మనిషికి తగలదు.

కాలవలో పారేయడం అన్న దారి మాత్రం లేదు. అమ్మగారు కోపంలో అన్నారు గానీ, లైపో బ్యాటరీల్ని మనం తాగే నీటి కాలవలో పడేయకూడదు, చెత్తకుప్పలోనూ వేయకూడదు. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

వీడియోలు తీసేస్తే? ఆ కుర్రాళ్ళు స్ప్రింగ్ మార్చడం మానరు. కంటి గురించి ఒక్క ముక్క చెప్పని ఇంకొకళ్ళ దగ్గరికి పోతారు. అలాగని వదిలేస్తే, ఎక్కడో ఇంకో వసారాలో ఇంకో మంచం. ఇది తెలిశాక కూడా అలాగే ఉంచితే రేపు జరిగేదానికి "తెలియక" అన్న మాట మీకు మిగలదు. నేనైతే రెండు వీడియోలు ఇవాళే తీసేయమంటాను: రిస్ట్రిక్టర్ తీసేది, లైపో పెట్టేది. మిగతావి మళ్ళీ తీయండి. గ్రీజు రాయడం, గాలి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగు సరిచేయడం, ప్లంజర్ని పట్టి ఉంచే క్యాచ్ పగిలితే బాగుచేయడం, డార్టు ఎందుకు వంకర పోతోందో చూడటం, ఇవన్నీ పిల్లలకి పనికొచ్చే చదువే. స్ప్రింగ్ వీడియోలో మొదటి నిమిషంలోనే నాలుగింతల లెక్కా, కళ్ళద్దాలూ, దెబ్బ తగిలితే ఏం చేయాలో రావాలి. చివర్లో పెడితే ఎవరూ చూడరు. చూసేవాళ్ళు తగ్గుతారు. భయపడ్డావా అన్నా అని కొందరు ఎగతాళి చేస్తారు. పాప సంగతి, పేరూ చుట్టరికం చెప్పకుండా, అందులో చెప్పాలా వద్దా అన్నది మావయ్యగారి ఇష్టం మీద ఉంటుంది. ఆయన్ని అడక్కుండా మాత్రం చెప్పకండి. ఆ కథ మీ ఒక్కరిది కాదు.

డబ్బులిస్తానన్న ఆయన గురించి. ఇప్పటిదాకా మీరు సరదాపడే మనిషి. అమ్మితే తయారీదారు అవుతారు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. మీరు విప్పి స్ప్రింగ్ మార్చినది ఇక ఆ పరీక్ష పాసైన బొమ్మ కాదు. ఆయన ఇంట్లో పిల్లలున్నారో లేదో కూడా మీకు తెలియదు. నేనైతే ఒప్పుకోను.

ఒకదానికి మొత్తం నల్ల రంగు వేశానని కూడా రాశారు. ఆ నారింజ మూతి ఊరికే పెట్టరు. చూసినవాళ్ళు నిజం తుపాకీ అనుకోకూడదనే అమెరికాలో 1989 నుంచి చట్టప్రకారం బొమ్మ తుపాకులకి ఆ గుర్తు ఉంచాలన్నారు. పండగ రోజుల్లో బరుల చుట్టూ పోలీసులు తిరుగుతుంటారు. బండి మీద నల్లటిది పెట్టుకుని వెళ్ళకండి. ఆ రంగు గీకేయండి.

బొమ్మలతో ఆడుకునేవాడికి పిల్లనెవరిస్తారు అన్న అమ్మగారి బెంగకి మీరు ఒక పేజీ కేటాయించారు గానీ, నాకు అది ఈ కోపంలోంచి పుట్టిన మాటలాగే ఉంది. మావయ్యగారు మళ్ళీ గుమ్మంలో అడుగుపెడితే అదీ తగ్గుతుంది.

ఇక ఆ పద్నాలుగేళ్ళ కుర్రాడు. లైపో పెట్టొచ్చా అని అడిగి ఎదురుచూస్తున్నాడు. మీరు చెప్పకపోతే ఇంకెవరో పెట్టుకో తమ్ముడూ అంటారు. వాడికి వద్దని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి, కారణం చెప్పండి. నాలుగు పెన్సిల్ సెల్స్‌కి, అంటే 6 వోల్టులకి, కట్టిన బొమ్మలో రెండు సెల్‌ల లైపో అంటే 7.4 వోల్టులు. పైకి చూస్తే పెద్ద తేడా లేదు. తేడా అంతా కరెంటులో ఉంది. పెన్సిల్ సెల్ ఇవ్వలేనంత ధార లైపో ఒక్కసారిగా ఇస్తుంది. లోపల కంపెనీ వేసిన సన్న వైర్లూ చిన్న స్విచ్చూ దాన్ని మోయలేవు. చెరువు మీద పెద్ద ఏరేటర్ని ఇంటి ఫ్యాను వైరుతో కలిపితే ఏమవుతుందో మీ నాన్నగారిని అడగమనండి, సరిపోతుంది. కరెంటు మితి మీరకుండా ఆపే రక్షణ ముక్కని కూడా ఈ మార్పులో తీసేస్తారు. సెల్ ఒక్కోటి 4.2 వోల్టులు దాటి చార్జ్ కాకూడదు, 3 వోల్టుల కిందికి దిగకూడదు, సెల్స్‌ అన్నిటినీ సమంగా చార్జ్ చేసే బ్యాలెన్స్ చార్జర్ లేకుండా ముట్టుకోకూడదు, చార్జ్ పెట్టి నిద్రపోకూడదు. ఉబ్బిన ప్యాక్‌ని ఇంకొక్కసారి కూడా వాడకూడదు. మే నెలలో బండి డిక్కీలోనో రేకుల కిందో వదిలేస్తే అంటుకోవచ్చు. మీ షెడ్డుకి కూడా రేకులే కదా, మీ ప్యాకులు ఇవాళే లోపల చల్లటి గదిలో, మట్టి కుండలో పెట్టండి.

ఇదంతా రాసి, కింద ఇంకో మాట చేర్చండి: "పద్నాలుగేళ్ళకి ఇది ఒక్కడివే చేసే పని కాదు. మీ నాన్ననో అమ్మనో నాతో ఒకసారి ఫోన్లో మాట్లాడమను. వాళ్ళు సరే అంటే గ్రీజూ ఓ-రింగుల దగ్గర్నుంచి మొదలుపెడదాం." ఆ కుర్రాడికి కోపం రావొచ్చు, గ్రూపు వదిలిపోవచ్చు. ఫోన్ చేసే తండ్రి కూడా ఒకాయన ఉండొచ్చు. ఆయన చేస్తే, ముందు వాళ్ళింట్లో చిన్నపిల్లలెంతమంది ఉన్నారో అడగండి.